బొమ్మ మీది పేర్లు బొమ్మతోనే కదలాలి

సంపాదకులు గారికి,

నమస్కారం.

అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాల బడుల్లో పిల్లల చేతికి అందుతున్న అభ్యాస పత్రాలు, నమూనా ప్రశ్నపత్రాలు, పరీక్షల ముందు ఇచ్చే పునశ్చరణ నోట్సులు ఇప్పుడు చాలావరకు ఉపాధ్యాయులే వర్డ్‌లోనో, ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీసులోనో స్వయంగా తయారుచేసి, వాట్సాప్‌ గ్రూపుల్లో ఒకరికొకరు పంపుకొని, బడి దగ్గరి జిరాక్స్‌ దుకాణంలో ప్రతులు తీయించుకుంటున్నవే. జీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిగా ఈ శ్రమను నేను తక్కువ చేసి మాట్లాడను. స్టెన్సిల్‌ కోసి సైక్లోస్టైల్‌ యంత్రం తిప్పిన తరానికి ఇది ఎంత పెద్ద వెసులుబాటో బాగా తెలుసు. అయితే ఈ పత్రాల్లోని బొమ్మల మీద భాగాల పేర్లు ఉండవలసిన చోట ఉండకపోవడం, ఒక బడిలో సరిగ్గా ఉన్న పటం పక్క మండలానికి చేరేసరికి తారుమారు కావడం తరచుగా కనిపిస్తోంది. తయారుచేసిన వారికి విషయం తెలియక జరుగుతున్నది కాదిది. బొమ్మకు పేరు జోడించే పద్ధతిలోనే లోపం ఉంది. కాస్త శ్రద్ధ పెడితే పూర్తిగా పోయే లోపం కనుక దీని గురించి వివరంగా రాస్తున్నాను.

గుండె నిలువుకోత పటాన్నే తీసుకుందాం. పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. ఎడమ జఠరిక గోడ మందంగా ఉంటుంది. పటంలో గుండె ఎడమ భాగం చూసేవారి కుడి చేతి వైపు ఉంటుంది. ఈ చివరి సంగతి పిల్లలకు ఒంటబట్టడమే కష్టం. అటువంటి పటం మీద పేర్లన్నీ ఒక అంగుళం కిందికి జారితే కర్ణిక పేరు జఠరిక మీద పడుతుంది, జఠరిక పేరు బొమ్మ దాటి కింది ప్రశ్న మీద కూర్చుంటుంది. ‘పటం గీసి భాగాలను గుర్తించండి’ అనే ప్రశ్నకు సిద్ధమవుతున్న పదో తరగతి పిల్లవాడు తన చేతిలోని కాగితాన్నే నమ్ముతాడు, దాన్నే నోటు పుస్తకంలోకి ఎక్కించుకుంటాడు. సాంఘిక శాస్త్రంలోనూ ఇదే తీరు. పెన్నా నదికి ఉత్తరం నుంచి, అంటే ఎడమ ఒడ్డున, కుందూ వచ్చి కలుస్తుంది. చిత్రావతి, పాపఘ్ని, చెయ్యేరు కుడి ఒడ్డున కలుస్తాయి. నదుల పటంలో కుందూ పేరు నది గీతకు ఇవతలికి జారితే అది కుడి ఒడ్డు ఉపనది అయిపోతుంది. తుంగభద్రలో కర్నూలు దగ్గర కలవవలసిన హంద్రీ ఎక్కడో సుంకేసులకు ఎగువన కనిపిస్తుంది. 2022 ఏప్రిల్‌ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు ఇటువంటి పటాలు మరీ ఎక్కువయ్యాయి. చాలామంది కొత్త పటం గీయకుండా పాత పటం బొమ్మ మీదే తెల్ల రంగు నింపిన టెక్స్ట్‌ బాక్సులు, అంటే అక్షరాలు రాసే డబ్బాలు, అతికించి నంద్యాల, పుట్టపర్తి వంటి పేర్లు రాశారు. ఆ తెల్ల డబ్బా పక్కకు జరిగిన చోట పాత పేరు, కొత్త పేరు రెండూ కనిపిస్తాయి. ఏది నిజమో పిల్లలే తేల్చుకోవాలి.

రైతులకు పంచే కరపత్రాల్లో ఈ లోపం వల్ల నష్టం ఇంకా నేరుగా ఉంటుంది. వేరుశనగ మొక్క బొమ్మ మీద ‘ఊడ’ అన్న పేరు జారి వేరు బుడిపె దగ్గర నిలిచిన కరపత్రం ఒకటి చూశాను. మన అనంతపురం రైతుకు ఊడ ఏదో, బుడిపె ఏదో కరపత్రం చెప్పనక్కర్లేదనుకోండి. ఫలదీకరణ తర్వాత పువ్వు అడుగు నుంచి ఊడ సాగి నేలలోకి దిగుతుందనీ, దాని కొసనే కాయ ఊరుతుందనీ, ఆ దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయాలనీ, తర్వాత అంతరకృషి చేయకూడదనీ ఆయనకు తెలుసు. తెలియని సంగతుల బొమ్మల దగ్గరే చిక్కు. బిందు సేద్యం అమరిక బొమ్మలో నీటి మార్గం వెంట మోటారు తర్వాత ఇసుక ఫిల్టరు, ఆ తర్వాత ఎరువు కలిపే వెంచురీ, దాని తర్వాత జల్లెడ ఫిల్టరు, ఆపైన సబ్‌మెయిన్‌ పైపు, మొక్కల వరుసల వెంట పోయే సన్నని గొట్టాలైన లాటరళ్లు వరుసగా ఉంటాయి. వెంచురీ తర్వాత జల్లెడ ఉండడానికి కారణం, కరగని ఎరువు రేణువులు డ్రిప్పర్ల దాకా పోకుండా అక్కడే ఆగడం. బొమ్మ మీద ‘వెంచురీ’ అన్న మాట రెండు అంగుళాలు కుడికి జరిగితే అది జల్లెడ ఫిల్టరు దాటి పోతుంది. కొత్తగా డ్రిప్‌ వేయించుకున్న రైతు ఆ బొమ్మ చూసి అమర్చుకుంటే కొన్నాళ్లకే డ్రిప్పర్లు పూడిపోతాయి, తప్పేమో పరికరం మీదికి పోతుంది.

ఇంతకూ పేర్లు ఎందుకు జారుతున్నాయి? వర్డ్‌లో మనం ఒక బొమ్మను చొప్పించినప్పుడు అది మామూలుగా పేరాలో ఒక పెద్ద అక్షరంలాగా కూర్చుంటుంది. పైన నాలుగు వాక్యాలు చేరిస్తే మిగతా అక్షరాలతో పాటు కిందికి జరుగుతుంది, చాలకపోతే తర్వాతి పేజీకి పోతుంది. దాని మీద గీసిన టెక్స్ట్‌ బాక్సు అలా కూర్చోదు. అది పాఠ్యం పైన తేలుతూ, ఏదో ఒక పేరాకు లంగరు వేసుకుని ఉంటుంది. ఆ పేరా బొమ్మ ఉన్న పేరాయే కావాలన్న నియమం లేదు. గీసేటప్పుడు దగ్గరగా ఏది ఉంటే దానికి తగులుకుంటుంది. కనుక బొమ్మ ఒక దారిన, పేర్లు మరో దారిన పోతాయి. అద్దం మీద బొట్టుబిళ్ల అతికించి, అద్దంలో నుదుటికి సరిగ్గా కుదిరింది కదా అని, మనిషి కదిలినా బొట్టు నుదుటినే ఉంటుందనుకోవడం వంటిది ఈ పద్ధతి. తయారుచేసిన వారి తెర మీద అంతా కుదురుగానే కనిపిస్తుంది కాబట్టి ఆ ఫైలును ఇంకొకరు తెరిచేదాకా లోపం బయటపడదు.

తెరిచే కంప్యూటరు మారితే కారణాలు మరికొన్ని తోడవుతాయి. కాగితం కొలత ఒకచోట ఏ4, మరొకచోట లెటర్‌ అని ఉంటే, మొదటిది 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 ఎత్తు. రెండోది సుమారు 216 వెడల్పు, 279 ఎత్తు. ఆ తేడాకే పాఠ్యం పేజీలు మారుతుంది. వర్డ్‌లో చేసిన ఫైలును లిబ్రే ఆఫీసులోనో, ఫోనులోని మరో యాప్‌లోనో తెరిస్తే తేలే వస్తువుల చోటును ఒక్కొక్కటి ఒక్కో విధంగా లెక్క కడుతుంది. వీటన్నిటికన్నా తెలుగువారికి ప్రత్యేకంగా తగిలే దెబ్బ ఫాంటుది. విండోస్‌ ఎక్స్‌పీతో గౌతమి వచ్చింది, విండోస్‌ 7తో వాణి వచ్చింది, విండోస్‌ 8 నుంచి నిర్మలా యూఐ వచ్చింది. విండోస్‌ 10లో గౌతమి ముందుగా ఉండదు, అదనపు ఫాంటుగా దించుకోవాలి. ఆండ్రాయిడ్‌ ఫోన్లలో సాధారణంగా ఉండేది నోటో. గౌతమిలో ఒక వరుసలో పట్టిన ‘మహాధమని చాపం’ మరో ఫాంటులో రెండు వరుసలవుతుంది. డబ్బా ఎత్తు మారదు కనుక రెండో వరుస లోపలే దాగిపోతుంది. ‘మహాధమని’ వరకే కనిపిస్తే తప్పని ఎవరికీ తోచదు కూడా.

ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే డబ్బా తెలుగుకు సరిపోదన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు. వరుసల మధ్య దూరం ‘ఎగ్జాక్ట్‌లీ’ అని కచ్చితంగా బిగించిన చోట వత్తులు కోసుకుపోతాయి. ‘పిత్తాశయం’ కాస్తా ‘పితాశయం’ అవుతుంది, ‘ఎముక మజ్జ’ ‘ఎముక మజ’గా మిగులుతుంది. వర్డ్‌ టెక్స్ట్‌ బాక్సు లోపల పక్కలకు 0.1 అంగుళం, పైనా కిందా 0.05 అంగుళం ఖాళీని తనంతట తానే వదులుతుంది. బొమ్మ మీది చిన్న డబ్బాకు ఆ ఖాళీ కూడా భారమే. కనుక లోపలి ఖాళీని సున్నా చేసి, వరుస దూరాన్ని ‘సింగిల్‌’కు మార్చి, రాసిన దానికి తగ్గట్టు డబ్బా పెరిగే ఏర్పాటును ఎంచుకోవాలి. లిబ్రే ఆఫీసులోనూ డబ్బా ఎత్తు దానంతట అది పెరిగే ఏర్పాటు ఉంది. పేర్ల అక్షరాలను 8 పాయింట్లకు కుదించేవారు ఆ కాగితాన్ని రెండుసార్లు జిరాక్స్‌ తీయించి చూస్తే వత్తుల గతి అర్థమవుతుంది. నా అభిప్రాయంలో 11 పాయింట్లకు తగ్గకూడదు.

పాత పద్ధతి ఫాంట్ల మాట వేరే చెప్పాలి. కర్నూలులో గానీ కడపలో గానీ డీటీపీ కేంద్రాల్లో చాలామంది చేయి తిరిగిన పనివారు ఇప్పటికీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌ ప్రోగ్రాంలో అను వంటి ఫాంట్లతోనే పని చేస్తున్నారు. పేజ్‌మేకర్‌ చివరి రూపం 7.0 వచ్చింది 2001లో. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాల ఆకారాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. అచ్చుకు పోయే పనికి దానితో ఇబ్బంది లేదు, వాళ్ల వేగం కూడా చూడముచ్చటగా ఉంటుంది. అదే పాఠ్యాన్ని వర్డ్‌ ఫైలులోకి తెచ్చి బొమ్మల మీద పేర్లుగా పెట్టి బడులకు పంపితే, ఆ ఫాంటు లేని కంప్యూటరులో గుండె చుట్టూ అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ప్రతి భాష అక్షరానికీ దానిదైన సంఖ్య ఇచ్చే యూనికోడ్‌ పద్ధతిలో రాస్తే ఫాంటు మారినా అక్షరం తెలుగుగానే ఉంటుంది. మండలి, రామభద్ర, సూరన్న, గురజాడ వంటి యూనికోడ్‌ ఫాంట్లు ఉచితంగా, స్వేచ్ఛగా పంచుకునే లైసెన్సుతోనే దొరుకుతున్నప్పుడు పంచుకునే పత్రాలకు పాత ఫాంట్లు వాడవలసిన అవసరం నాకు కనిపించదు. పైగా వర్డ్‌లో ‘ఆప్షన్స్‌’లోని ‘సేవ్‌’ విభాగంలో ఫాంట్లను ఫైలులోనే పొదిగే వీలుంది. లిబ్రే ఆఫీసులో ఫైలు ‘ప్రాపర్టీస్‌’లో ‘ఫాంట్‌’ అన్న చోట అదే వీలుంది.

సీసపు అచ్చుల కాలంలో ఈ బాధ లేదు. చిత్రకారుడు నల్ల సిరాతో బొమ్మ గీసి, భాగాలకు గీతలు లాగి, పేర్లు కూడా అదే కాగితం మీద రాసేవాడు. మొత్తం కలిపి జింకు బ్లాకు చేయించేవారు. బొమ్మ ఎక్కడికి పోతే పేర్లు అక్కడికే. ఇప్పటికీ నల్లబల్ల మీద బాగా బొమ్మలు వేసే ఉపాధ్యాయులు తెల్లకాగితం మీద నల్ల పెన్నుతో బొమ్మ గీసి, పేర్లు చేత్తోనే రాసి, ఫోనుతో స్కాన్‌ చేసి పత్రంలో పెట్టుకుంటే, టెక్స్ట్‌ బాక్సులతో కుస్తీ పట్టిన పటంకన్నా అది నిక్కచ్చిగా ఉంటుందని నిస్సంకోచంగా చెబుతాను. అక్షర దోషం దొర్లితే మళ్లీ గీయాలి, కంప్యూటరులో పేరు వెతికితే దొరకదు. ఆ రెండు లోటుపాట్లకు సిద్ధపడాలి.

కంప్యూటరులోనే చేయదలచినవారికి మార్గం కష్టమైనదేమీ కాదు. వర్డ్‌లో ‘ఇన్‌సర్ట్‌’ కింద ‘షేప్స్‌’ జాబితా అడుగున ‘న్యూ డ్రాయింగ్‌ కాన్వాస్‌’ అని ఒకటి ఉంటుంది. చాలామంది అంత కిందికి చూడరు. దాన్ని నొక్కితే పేజీలో ఒక చట్రం వస్తుంది. బొమ్మను, దాని మీది గీతలను, పేర్ల డబ్బాలను ఆ చట్రం లోపలే పెడితే అవన్నీ ఒకే వస్తువుగా మెలగుతాయి, చట్రం మాత్రం పేరాలో అక్షరంలాగా కూర్చుంటుంది. ఇప్పటికే చేసి ఉంచిన పటాలను సరిదిద్దాలంటే మరో పద్ధతి. ముందు బొమ్మ మీద క్లిక్‌ చేసి దాని అమరికను ‘ఇన్‌ లైన్‌ విత్‌ టెక్స్ట్‌’ నుంచి ‘స్క్వేర్‌’కు మార్చాలి, వరుసలో కూర్చున్న బొమ్మను వర్డ్‌ ఇతర వస్తువులతో గ్రూప్‌ చేయనివ్వదు, ‘గ్రూప్‌’ అన్న ఆజ్ఞ వెలిసిపోయి కనిపించి చాలామంది అక్కడే విడిచిపెట్టేస్తారు. అమరిక మార్చాక కంట్రోల్‌ మీట నొక్కి ఉంచి బొమ్మను, గీతలను, డబ్బాలను ఒక్కొక్కటిగా ఎంచుకుని గ్రూప్‌ చేయాలి. ఆపైన గ్రూపు మొత్తాన్ని తిరిగి ‘ఇన్‌ లైన్‌ విత్‌ టెక్స్ట్‌’ చేయాలి. ఈ చివరి మెట్టును మరిచిపోతే పేర్లు బొమ్మను అంటిపెట్టుకునే ఉంటాయి కానీ, రెండూ కలిసి పేజీలో తేలుతూ తిరుగుతాయి. ఏదైనా డబ్బా బొమ్మ వెనక్కు పోయి చేతికి చిక్కకపోతే ఆల్ట్‌, ఎఫ్‌10 మీటలు కలిపి నొక్కితే పేజీలోని తేలే వస్తువులన్నీ పక్కన జాబితాగా వస్తాయి. అక్కడి నుంచి పట్టుకోవచ్చు. పెట్టె, వలయం వంటి ఆకారాల మీద మాట రాయడానికి వేరే డబ్బా అతికించనక్కర్లేదు. ఆకారం మీద కుడి మీట నొక్కి ‘యాడ్‌ టెక్స్ట్‌’ అంటే అక్షరాలు ఆకారం లోపలే ఉంటాయి. ఆహార జాలం, నీటి చక్రం వంటి బొమ్మలకు ఇదే తగిన పద్ధతి.

లిబ్రే ఆఫీసు రైటర్‌లో కూడా ఆకారం మీద రెండుసార్లు క్లిక్‌ చేసి లోపల రాయవచ్చు. కానీ అందులో చొప్పించిన ఫోటో వంటి బొమ్మను గీసిన గీతలతో, డబ్బాలతో గ్రూప్‌ చేయడం కుదరదు. అది వాడేవారు అదే కట్టలో వచ్చే డ్రా అనే ప్రోగ్రాంలో పటం సిద్ధం చేసి, అక్కడ గ్రూప్‌ చేసి, రైటర్‌లోకి తెచ్చుకుని లంగరును ‘యాజ్‌ క్యారెక్టర్‌’ అని పెట్టుకోవాలి. ఒక ప్రోగ్రాం ఎక్కువ తెరవడం శ్రమే అనిపించవచ్చు. అయితే డ్రాలో ఉంచుకున్న మూల పటం వచ్చే ఏడు కూడా పనికి వస్తుంది.

పటం కింద రాసే వివరణను, వరుస సంఖ్యను కూడా చేత్తో టైపు చేసే అలవాటు మానాలి. ‘పటం 3’, ‘పటం 4’ అని చేత్తో కొట్టిన పత్రంలో మధ్యలో ఒక కొత్త పటం చేరిస్తే ఆ తర్వాతి సంఖ్యలన్నీ తప్పుతాయి, ‘పటం 4ను పరిశీలించి జవాబు రాయండి’ అన్న ప్రశ్న మరో పటాన్ని చూపిస్తుంది. వర్డ్‌లో ‘రిఫరెన్సెస్‌’ కింద ‘ఇన్‌సర్ట్‌ క్యాప్షన్‌’ ఉంది. అందులో ‘న్యూ లేబుల్‌’ నొక్కి ‘పటం’ అన్న మాటను ఒక్కసారి చేర్చుకుంటే చాలు. ప్రశ్నలో పటం సంఖ్యను ‘క్రాస్‌ రిఫరెన్స్‌’తో పెట్టుకుంటే, కంట్రోల్‌తో ఏ నొక్కి మొత్తం ఎంచుకుని ఎఫ్‌9 నొక్కగానే అన్ని సంఖ్యలూ సర్దుకుంటాయి. తేలే బొమ్మకు క్యాప్షన్‌ పెడితే వర్డ్‌ దాన్ని మరో విడి డబ్బాలో పెడుతుంది, పైన చెప్పిన జారుడు మళ్లీ మొదలవుతుంది. అందుకే బొమ్మను ముందే వరుసలో కూర్చోబెట్టమన్నది. లిబ్రే ఆఫీసు క్యాప్షన్‌ పెట్టగానే బొమ్మను, వివరణను కలిపి ఒకే ఫ్రేములో ఉంచుతుంది. ఈ విషయంలో దానిదే పైచేయి అని నా అభిప్రాయం.

మన మూడు జిల్లాల పరిస్థితికి నప్పే మరో ఉపాయం ఉంది. బొమ్మ మీద పేర్లకు బదులు 1, 2, 3 అని అంకెలు మాత్రమే వేసి, ఆ అంకెలకు పేర్లను బొమ్మ కింద మామూలు పాఠ్యంగా, రెండు వరుసల పట్టికగా ఇవ్వడం. అంకెలు ఏ ఫాంటులోనైనా దాదాపు అంతే చోటు తీసుకుంటాయి, వాటికి వత్తులు తెగే భయం లేదు. కర్నూలు, కడపల్లో ఉర్దూ మాధ్యమ బడులు ఉన్నాయి. అనంతపురం ప్రాంతం సరిహద్దు మండలాల్లో కన్నడ మాధ్యమ బడులు ఉన్నాయి. పాఠ్యపుస్తకాలేమో ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లీషులతో వస్తున్నాయి. అంకెలు వేసిన ఒకే పటం వీరందరికీ పనికి వస్తుంది, కింది పట్టిక ఒక్కటి మారిస్తే చాలు. పేర్లు తీసివేస్తే అదే పటం పరీక్ష ప్రశ్న అవుతుంది. ఇంత చెప్పినా, మొదటిసారి పాఠం చెప్పేటప్పుడు మాత్రం పేరు భాగం పక్కనే ఉండాలన్నది నా అనుభవం. పిల్లవాడి కన్ను అంకెకూ పట్టికకూ మధ్య తిరుగుతుంటే ఆకారం మనసులో నాటుకోదు. కనుక పాఠానికి పేర్లున్న పటం, పునశ్చరణకూ పరీక్షకూ అంకెలున్న పటం వాడుకోవాలని సూచిస్తాను.

చూపు లేని విద్యార్థులను కూడా ఇక్కడ తలచుకోవాలి. ఎన్‌వీడీఏ వంటి తెర చదివే ఉచిత ప్రోగ్రాం తెలుగు పాఠ్యాన్ని చదివి వినిపిస్తుంది. బొమ్మలో కలిసిపోయిన అక్షరాలు దానికి పాఠ్యం కావు, కనుక చదవదు. బొమ్మ మీద కుడి మీట నొక్కి ‘ఆల్ట్‌ టెక్స్ట్‌’ అన్న చోట రెండు మూడు వాక్యాల్లో పటంలో ఏముందో రాసి ఉంచితే ఆ విద్యార్థికి పటం అందుతుంది. ‘గుండె బొమ్మ’ అని రెండు మాటలతో ముగించకుండా, గుండెలో పైన రెండు, కింద రెండు గదులున్నాయనీ, ఏ గది నుంచి ఏ రక్తనాళం బయలుదేరుతుందనీ రాయాలి.

ఈ పద్ధతులు తెలియవలసినవారికి తెలియకపోవడానికి కారణం ఉంది. ఉపాధ్యాయులకు కంప్యూటరు శిక్షణ అన్నప్పుడు ఫైలు తెరవడం, టైపు చేయడం, స్లైడ్లు చూపించడం చెబుతారు. తెలుగులో పేర్లున్న ఒక పటాన్ని మొదటి నుంచి చివరి వరకు తయారుచేయించి, దాన్ని మరో కంప్యూటరులో తెరిపించి చూపడం నేను చూసిన శిక్షణల్లో లేదు. అరపూట చాలు. ప్రతి పాఠశాల సముదాయ సమావేశంలో ఒక పటాన్ని ఇలా చేయించవచ్చు. వ్యవసాయ, వైద్య శాఖల కరపత్రాలు తయారుచేసే కార్యాలయ సిబ్బందికి కూడా అదే అరపూట అవసరం. మీ పత్రిక విద్యా పేజీలో వచ్చే మాదిరి ప్రశ్నల పటాలు చక్కగా ఉంటాయి. వాటిని తీర్చే మీ పేజీ కళాకారులు ఎవరైనా వారానికి ఒక చిన్న పాఠంగా ఈ మెళకువలు రాస్తే, నా ఉత్తరం కంటే ఎక్కువమంది ఉపాధ్యాయులకు అది ఉపయోగపడుతుంది.

ఒకరికొకరు పంపుకునే విషయంలో చివరగా ఒక మనవి. ప్రతులు తీయడానికి వర్డ్‌ ఫైలు పంపవద్దు, పీడీఎఫ్‌ పంపండి. అందులో ఫాంటు, బొమ్మ, పేరు ఎక్కడివక్కడ స్థిరపడి ఉంటాయి. కానీ పీడీఎఫ్‌ ఒక్కటే పంపితే మరో బడివారు తమకు తగ్గట్టు మార్చుకోలేక, దాన్నే స్క్రీన్‌షాట్‌ తీసి, దాని మీద మళ్లీ టెక్స్ట్‌ బాక్సులు అతికిస్తున్నారు. అందుకని మూల ఫైలును కూడా విడిగా అందుబాటులో ఉంచాలి. లిబ్రే ఆఫీసు వాడేవారికి ఈ రెండో ఫైలు అవసరం కూడా లేదు: పీడీఎఫ్‌గా ఎగుమతి చేసేటప్పుడు ‘హైబ్రిడ్‌ పీడీఎఫ్‌’ అన్న గడిలో టిక్కు పెడితే మూల పత్రం ఆ పీడీఎఫ్‌ లోపలే పొదిగి ఉంటుంది, చదివేవారికి అది మామూలు పీడీఎఫ్‌, లిబ్రే ఆఫీసులో తెరిచేవారికి దిద్దుకోదగిన పత్రం. కొత్త పాఠాల పత్రాలు తయారుచేస్తున్న ఉపాధ్యాయ మిత్రులు ఈ విద్యా సంవత్సరం నుంచే ఈ పద్ధతి మొదలుపెట్టాలని, పత్రాలు సేకరించి పంచే గ్రూపుల నిర్వాహకులు విడి టెక్స్ట్‌ బాక్సులున్న ఫైళ్లను సరిదిద్దమని కోరుతూ వెనక్కు పంపాలని మనవి చేస్తున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
అనంతపురం.